సముద్రం దగ్గర మొదటి ఇల్లు: ఆస్ట్రేలియాలో స్థోమతకు తగిన సబర్బ్‌ను ఎంచుకోవడం ఎలా?

ఆస్ట్రేలియాలో స్థిరపడాలని వెళ్లి మొదటి ఇంటి కోసం వెతికేవారికి సముద్రతీరపు సబర్బ్ (నగరంలోని ఒక పేట) విషయంలో సాధారణంగా రెండు అభిప్రాయాలుంటాయి. అది మన తాహతుకు మించిన వ్యవహారమనేది మొదటిది. ప్రకటనల్లో తక్కువ ధరకు ఒక ఇల్లు కనబడగానే ఇంతకన్నా మంచి బేరం మళ్లీ దొరకదనేది రెండోది. రెండూ తొందరపాటే. ఈ దేశపు రాష్ట్ర రాజధానులన్నీ తీరం వెంబడే పెరిగాయి కనుక బీచ్‌కు నడిచి వెళ్లగలిగే సబర్బ్‌లకు కొదవ లేదు. వాటిలో కొన్ని నగరం లోపలి సబర్బ్‌ల కన్నా చవక కూడా. అయితే సముద్రం పక్కన ఉండి కూడా చవకగా ఉన్నదంటే దానికొక కారణం తప్పకుండా ఉంటుంది. ఆ కారణమేమిటో కనుక్కుని, దానితో మీరు సర్దుకోగలరో లేదో తేల్చుకోవడమే ఈ ఎంపికలో అసలు పని; మిగిలినదంతా కాగితాల పని.

ఆ రెండు పనులనూ ఏ వరుసలో చేయాలో ఇక్కడ చెబుతున్నాను. నేను ఆ వరుసను తలకిందులు చేసి, ముందు ఒక ఇంటిని ఇష్టపడి ఆ తర్వాత నిబంధనలు చదివినందువల్ల ఐదారు నెలల కాలాన్నీ, రెండు ఇన్‌స్పెక్షన్ల ఫీజులనూ పోగొట్టుకున్నాను.

1. మీ వీసాతో ఏమి కొనవచ్చో ముందుగా తెలుసుకోండి

2025 ఏప్రిల్ 1 నుంచి, తాత్కాలిక వీసాల మీద ఉన్నవారితో సహా విదేశీయులు, కొన్ని పరిమిత మినహాయింపులు తప్ప, ఇదివరకే కట్టి ఉన్న పాత ఇళ్లను కొనకూడదని ఆస్ట్రేలియా ప్రభుత్వం నిషేధం విధించింది. ప్రకటించిన నాటికి దాని గడువు 2027 మార్చి 31. కొత్తగా కట్టిన ఇంటిని గాని, ఇల్లు కట్టుకోవడానికి ఖాళీ స్థలాన్ని గాని కొనాలంటే విదేశీ పెట్టుబడుల విభాగం నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి, ఆ దరఖాస్తు రుసుమే వేల డాలర్లలో ఉంటుంది. పర్మనెంట్ రెసిడెన్సీ (పీఆర్) వీసా ఉన్నవారికి ఈ అనుమతి అక్కరలేదు. కనుక మీరు ఉద్యోగపు తాత్కాలిక వీసా మీద ఉండి, పీఆర్ మరో ఏడాదిలో వస్తుందన్న నమ్మకం ఉంటే, ఆ ఏడాది అద్దె ఇంట్లో ఉండడమే మేలు. ఆ కాలాన్ని సబర్బ్‌లను పరిశీలించడానికి వాడుకోవచ్చు.

విదేశీ కొనుగోలుదారు దగ్గర రాష్ట్రాలు మామూలు స్టాంప్ డ్యూటీకి అదనంగా మరో పన్ను వసూలు చేస్తాయి. న్యూ సౌత్ వేల్స్‌లో అది 9 శాతం, విక్టోరియా, క్వీన్స్‌లాండ్‌లలో 8 శాతం, సౌత్ ఆస్ట్రేలియా, వెస్టర్న్ ఆస్ట్రేలియాలలో 7 శాతం. క్వీన్స్‌లాండ్‌లో 7 లక్షల డాలర్ల ఇంటి మీద ఇదొక్కటే 56,000 డాలర్లవుతుంది. పీఆర్ వీసాతోనే నేరుగా దేశంలో దిగినవారు ఇక్కడ ఒక మెలికను గమనించాలి. న్యూ సౌత్ వేల్స్‌లో పీఆర్ ఉన్నవారు సైతం, కొనుగోలుకు ముందరి 12 నెలల్లో కనీసం 200 రోజులు ఆస్ట్రేలియాలో ఉండకపోతే ఈ అదనపు పన్ను విషయంలో విదేశీయుల కిందే లెక్క. అయితే కొన్న మొదటి 12 నెలల్లో వరుసగా 200 రోజులు ఆ ఇంటినే సొంత నివాసంగా చేసుకుంటే మినహాయింపు దొరుకుతుంది.

'మొదటి ఇల్లు' అన్న మాటకు కూడా అన్ని రాష్ట్రాల్లో ఒకే అర్థం లేదు. న్యూ సౌత్ వేల్స్ రాయితీకి మీరు గాని మీ జీవిత భాగస్వామి గాని ఆస్ట్రేలియాలో ఇదివరకు ఇల్లు కలిగి ఉండకపోతే చాలు. క్వీన్స్‌లాండ్ మాత్రం ప్రపంచంలో ఎక్కడా మీకు నివాస గృహంలో వాటా ఉండి ఉండకూడదంటుంది. స్వదేశంలో వారసత్వంగా వచ్చిన ఇంట్లో అన్నదమ్ములతో పాటు మీ పేరు కూడా ఉంటే ఆ రాయితీ మీకు వర్తించకపోవచ్చు, కాబట్టి ఆ రాష్ట్రపు రాజధాని బ్రిస్బేన్ చుట్టుపక్కల వెతకడానికి ముందే ఈ ఒక్క ప్రశ్నను లాయరును అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

2. ధరకు హద్దు గీసుకోండి

బ్యాంకు మీకు ఎంత లోన్ ఇస్తుందో లెక్కవేసేటప్పుడు, అప్పటి వడ్డీ రేటుకు మరో 3 శాతం కలిపి, అంత వడ్డీ పడినా మీరు వాయిదాలు కట్టగలరా అని చూస్తుంది. బ్యాంకుల నియంత్రణ సంస్థ అయిన ఆప్రా పెట్టిన నిబంధన ఇది. ఇంటి విలువలో 20 శాతం డిపాజిట్ లేకపోతే లెండర్స్ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ అనే ప్రీమియం కట్టవలసి వస్తుంది. పేరులో ఇన్సూరెన్స్ అని ఉన్నా అది రక్షించేది బ్యాంకునే గాని మిమ్మల్ని కాదు. దాన్ని తప్పించుకునే మార్గం ప్రభుత్వపు 5 శాతం డిపాజిట్ పథకం. పౌరులకూ పీఆర్ ఉన్నవారికీ వర్తించే ఈ పథకంలో 2025 అక్టోబర్ 1 నుంచి ఆదాయ పరిమితిని ఎత్తివేశారు, ఇంటి ధర మీద ప్రాంతాలవారీ పరిమితిని మాత్రం ఉంచారు. సిడ్నీ, న్యూకాసిల్, ఇల్లవారా ప్రాంతాల్లో అది 15 లక్షల డాలర్లు, మెల్‌బోర్న్, గీలాంగ్‌లలో 9.5 లక్షలు, బ్రిస్బేన్, గోల్డ్ కోస్ట్, సన్‌షైన్ కోస్ట్‌లలో 10 లక్షలు, అడిలైడ్‌లో 9 లక్షలు, పెర్త్‌లో 8.5 లక్షలు. పథకం అనుమతించే ధర వేరు, మీ జీతం మోయగలిగే ధర వేరు. 5 శాతం డిపాజిట్ అంటే మిగిలిన 95 శాతం అప్పు అనే సంగతి ఏ ప్రకటనా పెద్ద అక్షరాల్లో చెప్పదు.

మీ అసలు హద్దును నిర్ణయించేది తరచుగా స్టాంప్ డ్యూటీ రాయితీయే. న్యూ సౌత్ వేల్స్‌లో మొదటి ఇంటికి 8 లక్షల డాలర్ల వరకు పూర్తి మినహాయింపు ఉండి, 10 లక్షల వరకు క్రమంగా తగ్గుతూ పోతుంది. విక్టోరియాలో ఆ అంకెలు 6 లక్షలు, 7.5 లక్షలు, క్వీన్స్‌లాండ్‌లో పాత ఇళ్లకు 7 లక్షలు, 8 లక్షలు. సౌత్ ఆస్ట్రేలియాలో 2024 జూన్ 6 నుంచి మొదటిసారి కొనేవారికి కొత్త ఇళ్ల మీద మాత్రమే డ్యూటీ లేదు, పాత ఇంటికి రాయితీ లేదు. ఈ అంకెలు బడ్జెట్‌తో మారుతూ ఉంటాయి కాబట్టి సంతకం చేసే వారంలో ఆ రాష్ట్రపు రెవెన్యూ ఆఫీసు వెబ్‌సైట్‌లో మరొకసారి సరిచూసుకోండి.

విదేశం నుంచి డిపాజిట్ డబ్బు తెచ్చుకునేవారు దాన్ని ఇల్లు దొరికాక కాకుండా కొన్ని నెలల ముందే తెచ్చి, అది ఎక్కడిదో చెప్పే కాగితాలన్నీ ఒక చోట పెట్టుకోవాలి. మూడు నెలల పాటు ఖాతాలో నిలిచి ఉన్న డబ్బును చాలా బ్యాంకులు నిజమైన పొదుపుగా చూస్తాయి. నిన్న వచ్చిపడిన డబ్బు గురించి మాత్రం ప్రశ్నలు వేస్తాయి.

3. ఎలాంటి సముద్రమో చూడండి

మ్యాప్‌లో నీలం రంగంతా ఒకటిగానే కనబడుతుంది గాని, ఇల్లు కొనేవారికి సముద్రాలు రెండు రకాలు: అలలు నేరుగా విరిగే తెరిచిన తీరం, దీవుల చాటునో అఖాతంలోనో ఉండే ప్రశాంత తీరం. గోల్డ్ కోస్ట్, వల్లంగాంగ్ తీరం మొదటి రకం. బ్రిస్బేన్ దగ్గరి రెడ్‌క్లిఫ్, విన్నమ్‌లు మోర్టన్ అఖాతం మీద, మెల్‌బోర్న్ దగ్గరి ఫ్రాంక్‌స్టన్, సీఫర్డ్, ఆల్టోనాలు పోర్ట్ ఫిలిప్ అఖాతం మీద ఉన్నాయి. పెర్త్‌కు దక్షిణాన రాకింగ్‌హామ్‌కు గార్డెన్ ఐలండ్ అడ్డుగా నిలుస్తుంది. సర్ఫింగ్ కోరుకునేవారు మొదటి రకానికి ఎక్కువ ధర పెడతారు. ఆ సరదా లేని కుటుంబానికి రెండో రకం తీరంలో ధర కలిసివస్తుంది, చిన్నపిల్లలను నీళ్లలో దింపడానికి భయం తక్కువ, ఉప్పుగాలి తాకిడి కూడా తక్కువ.

ఆ చివరి మాట ఊరికే అన్నది కాదు. ఇటుక గోడల మధ్య వాడే లోహపు కట్ల మన్నికకు సంబంధించిన ఆస్ట్రేలియా ప్రమాణం, అలలు విరిగే తీరమైతే ఒడ్డు నుంచి 1 కిలోమీటరు వరకు, ప్రశాంత తీరమైతే 100 మీటర్ల వరకు తీవ్రమైన లవణ ప్రాంతంగా పరిగణిస్తుంది. ఇంజనీర్లు పదింతల తేడా చూసిన చోట మనం కూడా తేడా చూడాలి. నా సలహా అడిగితే, సముద్రం కనబడే మొదటి వీధిని వదిలేసి ఒడ్డుకు ఒకటి నుంచి నాలుగు కిలోమీటర్ల మధ్య ఉన్న పట్టీలో వెతకమంటాను. సైకిల్ మీద పది పదిహేను నిమిషాల్లో బీచ్‌కు చేరవచ్చు, కిటికీలోంచి కనబడే దృశ్యానికి కట్టే డబ్బు మిగులుతుంది.

4. ఎందుకు చవకో కనుక్కోండి

చవకగా ఉన్న ప్రతి తీరపు సబర్బ్ పక్కనా ఒక కాగితం మీద 'ఎందుకు?' అని రాసుకుని, జవాబు దొరికేదాకా ఆ గడిని ఖాళీగా ఉంచండి. కొన్ని జవాబులు కంటికి కనబడేవే. వల్లంగాంగ్ దగ్గరి పోర్ట్ కెంబ్లాలో ఉక్కు కర్మాగారం ఉంది. మెల్‌బోర్న్ పడమటి తీరంలో ఆల్టోనా పక్కన పారిశ్రామిక ప్రాంతం ఉంది. అక్కడి చమురు శుద్ధి 2021లో ఆగిపోయి, ఆ స్థలం ఇంధనం దిగుమతి చేసుకునే కేంద్రంగా మారింది. రాకింగ్‌హామ్‌కు ఉత్తరాన క్వినానా పారిశ్రామిక ప్రాంతం ఉంది. గాలి ఎటునుంచి వీస్తుందో, ఏ వీధికి వాసన వస్తుందో, రాత్రిపూట ఏ చప్పుడు వినబడుతుందో అక్కడ నివసించేవారే చెప్పగలరు. ఇంటి ముందు మొక్కలకు నీళ్లు పోస్తున్న పెద్దవాళ్లను పలకరిస్తే ఏజెంటు చెప్పనివి చాలా తెలుస్తాయి.

మరికొన్ని జవాబులు వేళను బట్టి కనబడతాయి. మోర్టన్ అఖాతం మీది డిసెప్షన్ బేలో పోటు సమయంలో నిండుగా కనబడే నీరు ఆటు సమయానికి దూరంగా వెనక్కి పోయి బురద మైదానం బయటపడుతుంది. అమ్మకపు ఫొటోలు పోటు వేళ తీసినవేనని వేరే చెప్పనక్కరలేదు. మడ అడవులకు దగ్గరగా ఉన్న చోట సాయంత్రం దోమలు, కంటికి ఆనని కుట్టే పురుగులు ఉంటాయి. పెర్త్‌కు దక్షిణాన మాండురా పరిసరాల్లో దోమల ద్వారా వచ్చే రాస్ రివర్ వైరస్ గురించి ఆరోగ్య శాఖ తరచూ హెచ్చరికలిస్తుంది. కాబట్టి ఒకే ఇంటిని రెండు వేళల్లో, వీలైతే రెండు రుతువుల్లో చూడండి: ఆటు వేళ ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి. జనవరి శనివారం నాడు మీ వీధిలోనే మీకు పార్కింగ్ దొరకదు. జూలైలో దక్షిణపు చలిగాలికి అదే వీధిలో మనిషి కనబడడు.

మనిషి కనబడకపోవడం అనే విషయాన్ని లెక్కల్లోనే పట్టుకోవచ్చు. ఆస్ట్రేలియా గణాంక సంస్థ జనాభా లెక్కల నుంచి ప్రతి సబర్బ్‌కూ ఇచ్చే సంక్షిప్త పట్టికలో, ఆ రాత్రి ఎన్ని ఇళ్లు ఖాళీగా ఉన్నాయో చూపే గడి ఒకటుంటుంది. 2021 లెక్కలు ఆగస్టు 10న, అంటే అక్కడి చలికాలంలో తీసినవి. దేశం మొత్తం మీద సుమారు పది ఇళ్లలో ఒకటి ఖాళీ. మీరు చూస్తున్న సబర్బ్‌లో ఆ అంకె 30, 40 శాతం ఉంటే అది సెలవుల ఇళ్ల ఊరని అర్థం. అలాంటి చోట చలికాలంలో అంగళ్లు త్వరగా మూసేస్తారు, పక్కింటికి వారానికో కొత్త అతిథి బృందం దిగుతుంది, బడిలో పిల్లల సంఖ్య తక్కువగా ఉంటుంది. విశ్రాంత జీవితానికి అది నచ్చవచ్చు గాని, ఉద్యోగం చేసుకుంటూ కొత్త దేశంలో పరిచయాలు పెంచుకోవలసిన కుటుంబానికి కష్టం.

5. సోమవారం పొద్దున్న రైలెక్కి చూడండి

దూరమే చవకదనానికి కారణమైతే దాన్ని కిలోమీటర్లలో కాక నిమిషాల్లో కొలవాలి. మాండురా పెర్త్‌కు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్నా 2007 డిసెంబర్‌లో మొదలైన రైలు మార్గం దాన్ని సుమారు 50 నిమిషాల ప్రయాణానికి కుదించింది. ఒక శతాబ్దానికి పైగా హామీగానే మిగిలిన రెడ్‌క్లిఫ్ రైలు 2016 అక్టోబర్‌లో వచ్చింది. కిపా-రింగ్ స్టేషన్ నుంచి బ్రిస్బేన్ నడిబొడ్డుకు సుమారు గంట, అది కూడా 2024 ఆగస్టు నుంచి 50 సెంట్ల టికెట్‌తో. అడిలైడ్‌లో ఉన్న మరో సీఫర్డ్ వరకు 2014లో, పెర్త్‌కు ఉత్తరాన యాంచెప్ వరకు 2024 జూలైలో రైలు పొడిగించారు. 'ఇక్కడికి త్వరలో రైలు వస్తుంది' అనే మాటను మాత్రం ధరలో కలుపుకోకండి. పట్టాలు పరిచాక కొన్నా నష్టం లేదు గాని, పరచని పట్టాలకు డబ్బు కడితే రెడ్‌క్లిఫ్ వాసుల తాతల మాదిరిగా ఎదురుచూడవలసి రావచ్చు.

నిజంగా సోమవారం పొద్దున్న ఆరున్నరకు, ఆ ఇంటి గుమ్మం నుంచి మీ ఆఫీసు గుమ్మం దాకా ఒకసారి వెళ్లి రండి. స్టేషన్ పార్కింగ్ ఎన్ని గంటలకు నిండిపోతుందో అప్పుడే తెలుస్తుంది.

6. ఉప్పు చేసిన పనిని వేలితో తాకి చూడండి

తీరంలో ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు వంటగది, పడకగదులు చూసే ముందు తలుపు బందుల మీది స్క్రూలను చూడండి. నేను దాదాపు కొనబోయిన ఒక అపార్ట్‌మెంటులో గోడలన్నీ కొత్త రంగుతో మెరుస్తున్నాయి. బాల్కనీ తలుపు జరుపుతుంటే కింద చక్రాలు గరగరమన్నాయి. రెయిలింగ్ అడుగున స్క్రూ మీద బొటనవేలితో రుద్దితే గోధుమరంగు పొడి అంటుకుంది. తలెత్తి చూస్తే పై అంతస్తు బాల్కనీ అడుగు భాగంలో రంగు కింద వెంట్రుకంత పగులు, దాని వెంట తుప్పు చారిక ఉన్నాయి. కాంక్రీటు లోపలి ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, పై పొరను పెచ్చులుగా ఊడగొట్టే ఈ జబ్బును ఇక్కడ అందరూ కాంక్రీట్ క్యాన్సర్ అనే పిలుస్తారు. తర్వాత భవన సంఘపు సమావేశాల మినిట్స్ తెప్పించి చదివితే, రెండేళ్లుగా ప్రతి సమావేశంలో బాల్కనీల మరమ్మతు ప్రస్తావనకు వచ్చి వాయిదా పడుతూనే ఉంది. నిధిలో డబ్బు లేదు, ఒక్కొక్క యజమాని నుంచి ప్రత్యేక చందా వసూలు చేయాలన్న ప్రతిపాదన మాత్రం ఉంది. ఆ తక్కువ ధరకు కారణం అప్పుడు దొరికింది.

కాబట్టి అపార్ట్‌మెంటు కొనేవారు గత రెండు మూడేళ్ల మినిట్స్, మరమ్మతుల నిధిలో ఉన్న నిల్వ, రాబోయే పదేళ్ల ఖర్చుల ప్రణాళిక చూడకుండా ముందుకు వెళ్లకూడదు. ఆ భవన సంఘాన్ని సిడ్నీలో స్ట్రాటా అన్నా, బ్రిస్బేన్‌లో బాడీ కార్పొరేట్ అన్నా, మెల్‌బోర్న్‌లో ఓనర్స్ కార్పొరేషన్ అన్నా సంగతి ఒకటే.

విడి ఇంటికైతే ఏసీ బయటి యూనిట్ రేకులు, గ్యారేజీ తలుపు స్ప్రింగులు, పైకప్పు రేకుల అంచులు, గట్టర్ల కీళ్లు చూడండి. స్టెయిన్‌లెస్ స్టీల్ కూడా తీరంలో టీ మరకలు పడినట్టు గోధుమరంగుకు తిరుగుతుంది; 316 రకం దాన్ని 304 రకం కన్నా బాగా తట్టుకుంటుంది. పాత బీచ్ సబర్బ్‌లలో ఒకప్పటి సెలవుల కుటీరాలు ఎన్నో ఫైబ్రో పలకలతో కట్టినవి. 1990కి ముందు కట్టిన ఇల్లయితే అందులో ఆరోగ్యానికి హాని చేసే ఆస్బెస్టాస్ పీచు ఉండవచ్చునన్న అనుమానంతోనే వెళ్లండి. పలక చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువే గాని, గోడ కోసి కిటికీ పెద్దది చేయాలనుకున్న రోజున లైసెన్సు ఉన్నవారిని పిలిపించడం క్షేమం, ఆ ఖర్చు మామూలు కూల్చివేత కన్నా చాలా ఎక్కువ. భవనాన్నీ చెదలనూ కలిపి పరీక్షించే ఇన్‌స్పెక్టరును మీరే ఎంచుకోండి. ఏజెంటు సిఫారసు చేసినవారు వద్దు.

7. ఇన్సూరెన్స్ కోట్ ముందు, ఆఫర్ తర్వాత

ఇది చాలామంది చివర్లో చేస్తారు. ఇంటిని మొట్టమొదట చూసి వచ్చిన సాయంత్రమే ఆ ఇంటి చిరునామాతో రెండు మూడు కంపెనీల వెబ్‌సైట్లలో కోట్ (ప్రీమియం ఎంతవుతుందో చెప్పే అంచనా) తీసుకోండి, ఆ తర్వాత మూడు నాలుగు కిలోమీటర్లు లోపల అదే తరహా ఇంటి చిరునామా పెట్టి మళ్లీ చూడండి. రెండింటి మధ్య తేడా మీకు చెప్పేది ఏ ఏజెంటూ చెప్పడు. ఇన్సూరెన్స్ లేనిదే బ్యాంకు లోన్ విడుదల చేయదు, కనుక ప్రీమియం ఏటా మోయవలసిన భారమే.

పాలసీలో వరద, తుపాను నీరు, సముద్రపు చర్య అనేవి మూడు వేర్వేరు మాటలని గుర్తుంచుకోండి. పొంగిన నది నీరు వరద. తుపాను వల్ల ఎగసివచ్చే ఉప్పెన కొన్ని పాలసీల్లో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. అలలు మెల్లగా ఒడ్డును కోసుకుపోవడాన్ని మాత్రం సాధారణంగా పాలసీలు మినహాయిస్తాయి. ఒడ్డు కోత ఊహాజనితమైన భయం కాదు. 2016 జూన్ తుపానులో సిడ్నీ ఉత్తరాన కొల్లరాయ్‌లో ఇళ్ల పెరళ్లు కూలి ఒక స్విమ్మింగ్ పూల్ ఇసుకలోకి జారిపడింది. 2020 జూలైలో సెంట్రల్ కోస్ట్‌లోని వాంబరాల్‌లో ఇళ్ల కిందే ఇసుక కొట్టుకుపోయింది. 2025 మార్చిలో ఆల్‌ఫ్రెడ్ తుపాను గోల్డ్ కోస్ట్ బీచ్‌లను నిలువుగా కోసేసింది. ఒడ్డు మీది ఖరీదైన ఇళ్లకు జరిగిన నష్టమది, మనం వెతికే పట్టీ వెనక ఉంటుంది నిజమే. కానీ చవకైన సబర్బ్‌లలో ముప్పు తరచుగా ముందు నుంచి కాక వెనక నుంచి, అంటే వాగులూ సరస్సులూ ఉన్న లోతట్టు వైపు నుంచి వస్తుంది. సెంట్రల్ కోస్ట్‌లోని వోయ్ వోయ్, ఉమీనా ప్రాంతం నీటిమట్టానికి కాస్త ఎత్తున మాత్రమే ఉన్న బల్లపరుపు నేల.

దీనికి కౌన్సిళ్ల (స్థానిక పురపాలక సంస్థల) మ్యాపులే ఆధారం. వరద మ్యాపు, తీరపు ముప్పు మ్యాపు రెండూ విడివిడిగా చూడాలి. మోర్టన్ బే వంటి కౌన్సిళ్లు చిరునామా ఇస్తే ఆ స్థలం వరద నివేదికను ఉచితంగా ఇస్తాయి. అడవి ఆనుకుని ఉన్న తీరమైతే కార్చిచ్చు ముప్పు మ్యాపును కూడా కలపండి.

8. సంతకానికి ముందు

అమ్మేవారు ఇచ్చే కాగితాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. న్యూ సౌత్ వేల్స్‌లో కాంట్రాక్టుకు ఆ స్థలానికి వర్తించే నిబంధనలు చెప్పే 10.7 ప్లానింగ్ సర్టిఫికెట్ జతచేసి ఉంటుంది, విక్టోరియాలో సెక్షన్ 32 ప్రకటన ఇస్తారు. క్వీన్స్‌లాండ్‌లో 2025 ఆగస్టు 1 నుంచి అమ్మేవారు ఇంటి వివరాలు వెల్లడించే ఫారం 2 తప్పనిసరి అయింది గాని, గతంలో వరద వచ్చిందా అనేది అందులో ఉండదని కొనేవారు గ్రహించాలి. ఆ విషయం మీరే తెలుసుకోవాలి, అందుకే పైన కౌన్సిల్ మ్యాపుల గురించి అంతగా చెప్పాను.

సంతకం చేశాక మనసు మార్చుకునే వ్యవధి న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్‌లలో 5 పని దినాలు, విక్టోరియాలో 3, సౌత్ ఆస్ట్రేలియాలో 2. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో చట్టప్రకారం అలాంటి వ్యవధే లేదు. వెనక్కి తగ్గితే కొంత జరిమానా పోతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో అది ధరలో 0.25 శాతం. వేలంలో కొన్నదానికి ఈ వెసులుబాటు ఏదీ వర్తించదు. సుత్తి పడితే ఇల్లు మీదే, సాధారణంగా అక్కడికక్కడే 10 శాతం డిపాజిట్ కట్టాలి. మొదటిసారి కొనేవారు వేలానికి వెళ్లదలిస్తే ఇన్‌స్పెక్షన్, ఇన్సూరెన్స్ కోట్, లాయరు పరిశీలన అన్నీ వేలానికి ముందే పూర్తిచేసుకుని, హద్దు అంకెను చిన్న కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. వేలం కాని అమ్మకంలో మాత్రం లోన్ మంజూరుకూ, ఇన్‌స్పెక్షన్‌కూ షరతులు పెట్టమని మీ కన్వేయన్సర్‌కు (ఇంటి బదిలీ కాగితాలు చూసే నిపుణుడికి) చెప్పండి. మరొకరు షరతులు లేకుండా ఆఫర్ ఇచ్చారని ఏజెంటు తొందరపెడితే ఆ ఇంటిని వారికే వదిలేయడం నయం. తీరం పొడవు తక్కువేమీ కాదు, ఇంకో ఇల్లు వస్తుంది.

9. తాళాలు తీసుకునే ముందు, తీసుకున్నాక

సెటిల్‌మెంటుకు, అంటే ఇల్లు మీ చేతికి వచ్చే రోజుకు, ఒకటి రెండు రోజుల ముందు ఇంటిని చివరిసారి చూడనిస్తారు. ఆ అరగంటలో ప్రతి కిటికీ తెరిచి మూయండి, గ్యారేజీ తలుపును రెండుసార్లు ఎత్తి దించండి, ఏసీని పది నిమిషాలు నడపండి, వేడినీళ్ల ట్యాంకు అడుగున తుప్పు చారిక ఉందేమో వంగి చూడండి. కాంట్రాక్టులో ఉన్నదేదైనా పనిచేయకపోతే ఫొటో తీసి అక్కడి నుంచే కన్వేయన్సర్‌కు పంపండి. తాళాలు చేతికొచ్చాక అడిగే హక్కు చాలావరకు పోతుంది.

ఇంట్లో దిగాక కొనవలసిన మొదటి వస్తువు పొడవాటి నీళ్ల పైపు. వాన తగలని చోట్లే ఉప్పు పేరుకుంటుంది, అంటే వరండా కప్పు కింది రేకులు, గ్యారేజీ తలుపు లోపలి అంచు, చూరు కింది కిటికీ చట్రాలు. నెలకు రెండుసార్లు వాటిని మంచినీళ్లతో కడగండి. ఏసీ బయటి యూనిట్‌ను మాత్రం ఆపి, నీటి ధార రేకులను వంచకుండా పలచగా వదలండి.